కడుపు నిండితే సరిపోతుందా?

నమస్తే. ‘ముందు వాడి కడుపు నింపండి, మాటలూ ఆటలూ బడికెళ్లాక అవే వస్తాయి.’ ఏడాది బిడ్డ గురించి ఈ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. అనేది పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లే మరి.

ఒక మగ్గం ఊహించుకోండి. తిండి నూలు. బిడ్డతో మన మాట, ఆట నేత. నూలు కుప్పలు పోసినా నేయకపోతే గుడ్డ అవదు. నూలే లేకపోతే నేతగాడు మాత్రం ఏం చేస్తాడు?

జమైకాలో దీన్ని చేసి చూశారు. 1986-87లో కింగ్‌స్టన్‌లో వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసివాళ్లను తీసుకున్నారు. అందరూ 9 నుంచి 24 నెలల వాళ్లు. కొందరికి వారానికో కిలో పాలపొడి ఆహారం ఇచ్చారు. ఇంకొందరి ఇంటికి ఆరోగ్య కార్యకర్త వారానికోసారి వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఏం మాట్లాడాలో గంటసేపు తల్లికి చూపించేది. బొమ్మలు కూడా చేత్తో చేసినవే. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ లేదు. రెండేళ్లయ్యాక చూస్తే తిండి అందినవాళ్లూ, ఆట అందినవాళ్లూ మెరుగయ్యారు. రెండూ అందినవాళ్లు అందరికన్నా ముందున్నారు. వాళ్ల మగ్గం మీద నూలూ ఉంది, నేతా నడిచింది.

నన్ను కదిలించేది తర్వాతి సంగతి. ఆ పిల్లలు ఇరవై దాటి పనుల్లో చేరాక మళ్లీ వెతికి కలిశారు. ఆట అందినవాళ్ల సంపాదన అందనివాళ్లకన్నా సుమారు 25 శాతం ఎక్కువ! పాలపొడి మేలు మాత్రం సంపాదనలో కనబడలేదు. అయితే తిండి అక్కర్లేదా అనుకోకండి, దయచేసి.

ఐరన్ సంగతే చూడండి. తల్లి కడుపులోంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వ దాదాపు ఆరు నెలలకు తరిగిపోతుంది. మెదడులో నరాలకు మైలిన్ అనే తొడుగు లాంటి పొర ఏర్పడాలంటే ఐరన్ కావాలి. అది తగ్గిన బిడ్డ డల్‌గా ఉంటుంది, ఆటకు రాదు. బిడ్డ స్పందించకపోతే పెద్దవాళ్లూ పలకరించడం తగ్గిస్తారు. నూలు తెగింది, మగ్గమూ ఆగింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. మురికి నీళ్లవల్ల మాటిమాటికీ విరేచనాలైతే తిన్నది ఒంటబట్టదు, నూలు మగ్గం దాకా రాదు. పాత పెయింటు పెచ్చుల్లో, దుమ్ములో ఉండే సీసం (లెడ్) అనే విషపు లోహం నేసిన గుడ్డను కొరికే పురుగు. ఐరన్ తక్కువైన ఒళ్లు ఆ సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఇక ఫోన్. రెండేళ్లు నిండేదాకా స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోన్ చూపిస్తూ ముద్ద పెడితే నూలు అందుతుంది, నేత ఆగిపోతుంది. ఈ పూట ఫోన్ పక్కన పెట్టి ‘వేడిగా ఉందిరా, ఊదుదామా?’ అని అడగండి. మాటలు రాకపోయినా వాడు మీ నోరు చూసి ఊదబోతాడు.