జిల్లా సగటులో కనిపించని తాలూకా

సభకు నమస్కారం.

మన సిరొంచ ఒకప్పుడు జిల్లా కేంద్రం. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఎగువ గోదావరి జిల్లా ఉన్న కాలంలో కచేరీ ఇక్కడే నడిచింది. 1874లో ఆ జిల్లాను రద్దు చేసి, కొంత భాగాన్ని మద్రాసుకు ఇచ్చి, మిగిలినదాన్ని సిరొంచ తహసీలుగా చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిపారు. 1956లో చాందాతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి, 1982 ఆగస్టు 26న కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలోకి వచ్చాం. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కలెక్టరు కచేరీ మాత్రం సుమారు 200 కిలోమీటర్ల దూరమైంది.

2011 లెక్కల ప్రకారం 14,412 చదరపు కిలోమీటర్ల ఈ జిల్లాలో 10,72,942 మంది ఉన్నారు. అంటే చదరపు కిలోమీటరుకు 74 మంది. ఈ అంకెల్లో తప్పు లేదు. అయితే జిల్లాలోని పన్నెండు తాలూకాలు ఒకే తీరువి కావు. ఉత్తరాన రైలు స్టేషనున్న దేసాయిగంజ్ వైపు మరాఠీ, భామరాగడ్, ఏటాపల్లి అడవుల్లో మాడియా గోండుల భాష మాడియా, ప్రాణహిత గోదావరిలో కలిసే మన దగ్గర తెలుగు ఇంటింటా వినిపిస్తాయి. మొత్తాన్ని కలిపి ఒక్క సగటు తీస్తే మన తెలుగు చిన్న అంకెగా మారిపోతుంది; మాడియా వారి మాటకూ అదే గతి పడుతుంది. ఈ విషయంలో మన హక్కు వారి హక్కుకంటే ఎక్కువది కాదు.

అందుకే లెక్క ఏ మట్టంలో తీస్తారన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. భాషా అల్పసంఖ్యాకుల కోసం కేంద్రం, రాష్ట్రాలు అంగీకరించిన ఏర్పాటు ప్రకారం, జిల్లాలో గాని, తాలూకా వంటి దాని భాగంలో గాని ఒక భాషవారు 15 శాతానికి తగ్గకుండా ఉంటే, ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలో కూడా రావాలి. జిల్లా మట్టంలో చూస్తే మనకు దక్కనిది తాలూకా మట్టంలో అడగవచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి మన మొర రాసుకోవచ్చు. 350ఎ ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయమంటుంది.

ఊరి రెవెన్యూ ఉద్యోగి అయిన తలాటీ ఆఫీసు ముందు ఒక పూట నిలబడి చూడండి, ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. పంట నష్టం రాయించుకోవడానికి వచ్చిన రైతు చేతిలో సాత్‌బారా (7/12) అనే భూమి రికార్డు కాగితం ఉంటుంది. భూమి ఎవరిదో ఏడో నమూనా, ఏ పంట వేశారో పన్నెండో నమూనా చెబుతాయి. ఆ కాగితంలో రెండూ మరాఠీలో ఉంటాయి. మనవాళ్లు ఇంటిపేరు ముందు చెబుతారు. ఇక్కడి రికార్డులో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. రేషన్ కార్డులో ఒక వరసలో, సాత్‌బారాలో మరో వరసలో పడితే, దాన్ని సరిచేయించుకోవడానికే ఆ రైతు పని చెడగొట్టుకుని పదేపదే తిరగాలి.

గ్రామసభ సంగతి కూడా చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం, దాని కింద మహారాష్ట్ర 2014లో చేసిన నియమాలు, ఒక గూడెం తానే గ్రామంగా గుర్తింపు పొంది సొంత గ్రామసభ పెట్టుకునే వీలు కల్పించాయి. ఇదే జిల్లాలోని మెండా లేఖా గ్రామం 2009లోనే సామూహిక అటవీ హక్కు సాధించి దారి చూపింది. మన గ్రామసభల్లో పంచాయతీ అధికారి (గ్రామసేవక్) మరాఠీలో రాసిన తీర్మానాన్ని సంతకాలకు ముందు తెలుగులోనూ, గోండి మాట్లాడేవారున్న చోట గోండిలోనూ చదివి వినిపించమని అడగాలి. దీనికి జీవో కోసం కాచుకోనక్కరలేదు.

2021లో జరగవలసిన జనగణన ఆగిపోయి, ఇప్పుడు 2027కు నిర్ణయమైంది. అందులో మాతృభాషను ఇంటి మొత్తానికి కలిపి కాక, మనిషి మనిషికీ విడిగా నమోదు చేస్తారు. తెలిసిన మరో రెండు భాషలకు వేరే గడి ఉంటుంది. చిన్నతనంలో తల్లి ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష అని జనగణన నిర్వచనం. పిల్లలు మరాఠీ బడికి వెళ్తున్నా, మరాఠీని రెండో గడిలో రాయించి, మొదటి గడిలో తల్లి మాట్లాడిన భాషనే చెప్పండి. లెక్క రాసేవారు వచ్చినప్పుడు ఇంట్లోని ఆడవాళ్ల భాష ఏదో ఆడవాళ్లనే చెప్పనివ్వండి.