నీలం చొక్కా బాబూ, నిన్నే!

అందరికీ నమస్కారం.

పదకొండేళ్ల కిందటి మాట. రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాను. పది అడుగుల దూరంలో ఒక పెద్దాయన చేతిసంచి జారవిడిచి, దాని పక్కనే కుప్పకూలిపోయారు. క్షణాల్లో చుట్టూ జనం మూగారు. నేనూ చేరాను. ఒకరు ‘అయ్యో’ అన్నారు, ఇంకొకరు ‘గాలి తగలనివ్వండి’ అన్నారు. నేనైతే పక్కవాళ్ల ముఖాలు చూస్తూ ఉండిపోయాను. ఎవరూ కంగారు పడటం లేదు కదా, అంత ప్రమాదం లేదేమో అనుకున్నాను. నా ముఖం చూసి వాళ్లూ అదే అనుకుని ఉంటారు.

అంతలో అరవై దాటిన ఒకావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. తలెత్తి నావైపు వేలు చూపించారు. “నీలం చొక్కా బాబూ, నిన్నే! అంబులెన్సుకు ఫోను చెయ్యి. వాళ్లేమన్నారో నాకు చెప్పు.” తరువాత మరొకరిని చూసి, “సంచి తగిలించుకున్న అమ్మాయీ, స్టేషను సిబ్బందిని పిలుచుకురా” అన్నారు. అంతే, మా అందరిలో కదలిక వచ్చింది. దారి ఇచ్చేవాళ్లు దారి ఇచ్చారు, మోసేవాళ్లు మోశారు. ఆయన బతికారు. కానీ ఆ రోజు గురించి నాకు ముందుగా గుర్తొచ్చేది, నేను ఊరికే నిలబడి పోగొట్టిన ఆ నిమిషమే.

నాకు జాలి లేకనా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. జవాబు కొంతవరకు ఒక పాత ప్రయోగంలో దొరికింది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, మైకుల ద్వారా మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒక గొంతు తడబడి, మూర్ఛ వస్తోందని, సాయం చేయమని వేడుకుంటుంది. అది ముందే రికార్డు చేసిన గొంతు. ఆ మాటలు తానొక్కరే వింటున్నానని నమ్మినవారిలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోపే గది దాటి వచ్చారు. మరో నలుగురు కూడా వింటున్నారని నమ్మినవారిలో అలా వచ్చినవారు 31 శాతమే.

ఈ అంకెలు చాలామంది చెబుతారు. ఆ తరువాతి సంగతి మాత్రం తక్కువమంది చెబుతారు, నాకు ముఖ్యమైనది అదే. కదలకుండా ఉండిపోయినవారి గదుల్లోకి పరిశోధకులు వెళ్లినప్పుడు, వాళ్లలో చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమర్చి ఉన్నాయి. ‘అతనికి బాగానే ఉందా?’ అని వాళ్లే ముందుగా అడిగారు. రాతిగుండెలవాళ్లు అలా అడగరు. లోపల అంత తపన ఉండి కూడా, ఇది నా వంతేనా అన్న సందేహం వాళ్లను కుర్చీకి కట్టేసింది.

అలాగని జనం పోగైతే మంచితనం చచ్చిపోతుందని నేను చెప్పను. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ని, ఇప్పుడు అనుకోను. ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల వీధి కెమెరాల్లో నమోదైన 219 గొడవలను పరిశోధకులు పరిశీలిస్తే, పదింట తొమ్మిదిసార్లు కనీసం ఒక్కరైనా కలగజేసుకున్నారు. చుట్టూ మనుషులు ఎక్కువ ఉన్న కొద్దీ ఆ అవకాశం పెరిగింది కూడా. నాకు అర్థమైనంతలో తేడా ఇక్కడుంది: మూసిన గదుల్లో ఒకరికొకరు కనబడరు. వీధిలో ఒకరు అడుగు వేస్తే పదిమందికీ కనబడుతుంది.

డెన్మార్క్‌లో 1943 అక్టోబరులో జరిగింది ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆ దేశాన్ని ఆక్రమించిన జర్మనీ నాజీలు అక్కడి యూదులను పట్టుకుపోబోతున్నారన్న కబురు ముందుగా పొక్కింది. కొన్ని వారాల్లోనే ఏడు వేల మందికి పైగా యూదులు చేపల పడవల్లో సముద్రం దాటి స్వీడన్ చేరారు. ఆస్పత్రుల్లో కొందరిని రోగులన్నట్టు దాచారు. కొందరు ఇళ్లలో చోటిచ్చారు. చాలామంది జాలరులు వాళ్లను డబ్బు తీసుకుని పడవ ఎక్కించుకున్నారు, ఆ సొమ్ము లేనివారి కోసం ఇతరులు చందాలు వేసుకున్నారు. పడవ నడిపే ధైర్యం అందరికీ ఉండనక్కరలేదు. తలుపు తీసే ధైర్యం ఒకరిది, డబ్బిచ్చే ధైర్యం ఇంకొకరిది, తెలిసీ నోరు మెదపని ధైర్యం మరొకరిది.

ఈత రానివారు నీళ్లలోకి దూకండని నేను అనడం లేదు. దూకితే రెండు ప్రాణాలు పోతాయి. ఒడ్డున ఉండి తాడు విసరండి, కేక వేయండి.

ఈరోజు మనం నేర్చుకోబోయే పని కూడా అలాంటిదే. గుండె ఆగిన మనిషి ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఎంత బలవంతుడైనా రెండు నిమిషాలకే అలిసిపోతాడు. అలసట తెలియకముందే నొక్కుడు లోతు తగ్గిపోతుంది. అందుకే రెండు నిమిషాలకోసారి చేతులు మారాలి. పక్కన ఇంకొకరు మోకాళ్లు వంచి సిద్ధంగా ఉండాలి.

ఇక్కడ నేల మీద నాలుగు బొమ్మలు పెట్టించాను. ఎవరైనా వస్తారా అని అడగను. మూడో వరుసలో చివర కళ్లజోడు పెట్టుకున్న అమ్మా, మీరు రండి. వెనక గోడకు ఆనుకుని నిలబడిన బాబూ, నువ్వు ఆవిడ పక్కన కూర్చో. రెండు నిమిషాలు కాగానే నీ వంతు.