మీ వాచీ చూపించే డీప్ స్లీప్ లెక్కను నమ్మొచ్చా?

నమస్తే అండి. ఈ వీడియో చూస్తూనే మీ వాచీకి సంబంధించిన యాప్ ఓపెన్ చేసి, నిన్న రాత్రి నిద్ర పేజీలోకి వెళ్ళండి, నేనూ నా స్క్రీన్ పెడుతున్నాను. వాచీ రెండు వేలదైనా నలభై వేలదైనా ఈ పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది: పైన ఒక స్కోరు, కింద మెట్లు మెట్లుగా రంగుల బొమ్మ, ఆ కింద డీప్ (గాఢ నిద్ర), లైట్ (తేలిక నిద్ర), ఆర్‌ఈఎమ్ (కళ్ళు వేగంగా కదిలే, కలలు ఎక్కువగా వచ్చే నిద్ర), అవేక్ (మెలకువ) అని నిమిషాల లెక్క. నన్ను ఎక్కువ మంది అడిగేది ఒకటే, "అన్నా, డీప్ స్లీప్ యాభై నిమిషాలే చూపిస్తోంది, ఏమైనా ప్రాబ్లమా?"

జవాబు ముందే చెప్పేస్తా. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, మొత్తం మీద ఎన్ని గంటలు అన్నది చాలామందికి చాలావరకు నమ్మొచ్చు. డీప్ ఇన్ని నిమిషాలు, ఆర్‌ఈఎమ్ ఇన్ని నిమిషాలు అన్నది అంచనా. ఇక ఆ స్కోరుందే, దాన్ని నేను లెక్కలోకే తీసుకోను, ఎందుకంటే ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కోలా వండుతుంది.

ఇప్పుడు వాచీ తీసి వెనక్కి తిప్పండి. పచ్చగా వెలుగుతున్న లైట్లు కనిపిస్తున్నాయా? రక్తం ఆ పచ్చ కాంతిని పీల్చుకుంటుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది, ఆ హెచ్చుతగ్గుల్ని బట్టి పల్స్ లెక్కకడుతుంది. లోపల చెయ్యి కదలికను పసిగట్టే యాక్సెలరోమీటర్ ఒకటి. ప్రధానంగా ఈ రెండిటితోనే అది రాత్రంతా కథ అల్లుతుంది. కానీ నిద్ర దశల్ని తేల్చేది మెదడు తరంగాలు. స్లీప్ ల్యాబ్‌లో చేసే పాలీసోమ్నోగ్రఫీలో తలకి, కళ్ళ పక్కన, గడ్డానికి ఎలక్ట్రోడ్లు అతికించి, రాత్రంతా వచ్చిన రికార్డుని 30 సెకన్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఏ దశో మనిషి కూర్చుని చూస్తారు. అంత చేసినా ఒకే రికార్డుని ఇద్దరు నిపుణులకిస్తే అన్ని ముక్కల్లోనూ మాట కలవదు. అలాంటిది మణికట్టు మీద కూర్చున్న వాచీ, వీధిలో నిలబడి కిటికీలో లైట్లు చూసి ఇంట్లో ఎవరేం చేస్తున్నారో చెప్పినట్టు చెప్తుంది. చాలాసార్లు కరెక్టే అవ్వొచ్చు, అయినా ఊహే.

నమ్మకపోతే ఈ రాత్రే ఒక పరీక్ష పెట్టండి. రోజూ పడుకునే టైముకే వాచీతో పక్క మీద వాలండి, టైము కాగితం మీద రాసుకోండి, లైటు తీసేసి చెవిలో ఏదైనా పెట్టుకుని అరగంట సేపు కదలకుండా వింటూ ఉండండి, నిద్ర మాత్రం పోకూడదు. తర్వాత లేచి మళ్ళీ టైము రాసి, అప్పుడు పడుకోండి. పొద్దున్న యాప్‌లో ఆ అరగంట ఎలా పడిందో చూడండి. చాలా వాచీల్లో అందులో కొంతైనా నిద్ర కిందే జమ అయిపోయి ఉంటుంది. నిద్రని నిద్రగా గుర్తించడంలో ఇవి బాగానే ఉంటాయి, మెలకువని మెలకువగా గుర్తించడంలోనే తడబడతాయి, ల్యాబ్ రికార్డుతో పోల్చి చూసిన పరిశోధనల్లో పదే పదే తేలింది ఇదే. అందుకే ఇంట్లో ఎవరైనా "రాత్రంతా నిద్ర పట్టలేదు" అంటే "నీ వాచీలో ఏడు గంటలు ఉంది కదా" అని కొట్టిపారేయకండి. అటూ ఇటూ దొర్లేవాళ్ళు దానికి దొరుకుతారు గానీ, కళ్ళు మూసుకుని కదలకుండా ఈఎంఐల గురించి ఆలోచించేవాళ్ళు దొరకరు.

సరే, ఆ యాభై నిమిషాల సంగతి. వయోజనుల్లో డీప్ స్లీప్ మొత్తం నిద్రలో దాదాపు 13 నుంచి 23 శాతం ఉంటుందని అంటారు. ఏడు గంటలు పడుకుంటే సుమారు 55 నుంచి 95 నిమిషాలు, వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. వాచీ పొరపాటు పడే అవకాశాన్ని కూడా కలుపుకుంటే యాభైకీ డెబ్భైకీ తేడా వెతకడంలో అర్థం లేదు. లైట్ స్లీప్ అన్న మాట విని కూడా హడలిపోతారు, అదేదో కోడికునుకు అన్నట్టు. రాత్రిలో సగం లేదా అంతకన్నా ఎక్కువ అదే ఉంటుంది, అందరికీ అంతే.

మరి ఏం చూడాలి? పైన "డే" అని ఉన్నచోట "మంత్" నొక్కండి. ఇక్కడ పడుకున్న టైములు నిలువు గీతలుగా కనిపిస్తాయి. నా స్క్రీన్‌లో చూడండి, సోమవారం నుంచి గురువారం దాకా ఒక వరసలో ఉన్నాయి, శుక్ర శనివారాల్లో రెండు గంటలు జరిగిపోయాయి. ఇది ఊహ కాదు, ఇందులో చెప్పుకోదగ్గ విషయం ఉంది. రెండోది రెస్టింగ్ హార్ట్ రేట్, అంటే ఒళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందన్న లెక్క. పల్స్‌ని వాచీ నేరుగా కొలుస్తుంది కాబట్టి, మందు తాగిన రాత్రి, పదకొండింటికి బిర్యానీ లాగించిన రాత్రి, జ్వరం రాబోతున్న రాత్రి అది మామూలు కన్నా పైకి లేవడం మీరే గమనించొచ్చు. అమెరికా టైమింగ్స్‌లో పనిచేసి పగలు పడుకునేవాళ్ళు యాప్‌లో స్లీప్ షెడ్యూల్ ఉంటే మార్చుకోండి, కొన్ని యాప్‌లు పగటి నిద్రని ముక్కలు చేసి పడేస్తాయి. స్ట్రాప్ మణికట్టు ఎముకకి ఒక వేలెడు పైన, జారకుండా ఉండాలి.

ఇంకో సంగతి. 2014లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. వచ్చినవాళ్ళకి ఉత్తుత్తి పరికరాలు తగిలించి, మీకు ఆర్‌ఈఎమ్ నిద్ర బాగా పట్టిందని కొందరికి, తక్కువైందని కొందరికి చెప్పారు. వాళ్ళు నిజంగా ఎలా పడుకున్నారన్నదానితో సంబంధం లేకుండా, బాగా పట్టిందని విన్నవాళ్ళు కొన్ని మెదడు పరీక్షల్లో మెరుగ్గా చేశారు. అంటే పొద్దున్నే "పూర్" అన్న స్కోరు చూస్తే హుషారుగా లేచిన మనిషి కూడా నీరుగారిపోవచ్చు. అందుకని సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్ళి పొద్దున్న వచ్చే స్లీప్ రిపోర్ట్ ఆఫ్ చేయండి. వారానికోసారి చూస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం స్కోరు తొంభై వచ్చినా ఊరుకోవద్దు. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ పీల్చుకోవడం, పగలు మీటింగ్‌లోనో బండి మీదో కునికిపాట్లు పడటం, ఇవి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి పదే పదే ఆగే జబ్బు, లక్షణాలు. శాంసంగ్, ఆపిల్ వాచీల్లో దీన్ని పసిగట్టే ఫీచర్లకి 2024లో అమెరికాలో మందులు, వైద్య పరికరాల్ని పర్యవేక్షించే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, కానీ అవి హెచ్చరిక ఇవ్వడానికే, జబ్బు లేదని సర్టిఫికెట్ ఇవ్వడానికి కాదు. పక్కన పడుకునేవాళ్ళని ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయమనండి, దాంతోపాటు ఆ మంత్ పేజీ స్క్రీన్‌షాట్ తీసుకుని పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) దగ్గరికో ఈఎన్‌టీ దగ్గరికో వెళ్ళండి. అవసరమనిపిస్తే వాళ్ళు స్లీప్ స్టడీ రాస్తారు. అందరూ ల్యాబ్‌లోనే పడుకోవాలని లేదు, ఇంట్లోనే పెట్టుకుని పడుకునే చిన్న మెషీన్లు కూడా ఉన్నాయి, అడగండి.