ముప్పై సెకన్ల ప్రకటన నుంచి కథాచిత్రం దాకా: ఒక నెల్లూరు దర్శకుడితో సంభాషణ

వ్యాఖ్యాత: నమస్కారం. వాణిజ్య ప్రకటనలు, పాటల వీడియోలు తీస్తూ, ఇటీవల తొలి కథాచిత్రం రచన ముగించిన నెల్లూరు యువ దర్శకుడు ఈ భాగంలో మనతో ఉన్నారు. ఒకప్పుడు మన జిల్లాల్లో సినిమా మీద మనసు పడినవారు మద్రాసు రైలెక్కేవారు. మీరు ఇక్కడే ఎలా మొదలుపెట్టగలిగారండీ?

దర్శకుడు: నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, బియ్యం మిల్లులు, రొయ్యల మేత వ్యాపారులు ఉన్నారు. కేబుల్ చానల్‌కో, సినిమా హాలులో విరామానికో, ఫోన్ తెరకో వారందరికీ ప్రకటన అవసరమే. నా తొలి సంపాదన అక్కడి నుంచే వచ్చింది. సినిమా అవకాశం వచ్చేదాకా ఓర్చుకోవలసిన చిల్లర పనులుగా వాటిని చూడడం నాకు నచ్చదు. సెకనుకు 25 ఫ్రేముల (విడి నిశ్చల చిత్రాల) చొప్పున 30 సెకన్ల ప్రకటనలో ఉండేవి 750 ఫ్రేములే కాబట్టి, ప్రతి షాటూ తన చోటును సంపాదించుకోవలసిందే.

వ్యాఖ్యాత: ఏదైనా ఒక పనిని ఉదాహరణగా చెబుతారా?

దర్శకుడు: ఒంగోలు దగ్గరి చీమకుర్తిలో దొరికే గెలాక్సీ గ్రానైట్ కోసం తీసిన ప్రకటన చెబుతాను. నల్లని పలకలోని బంగారు రవ్వలు బాగా కనిపించేది మెరుగు పెట్టాకే, అదీ వెలుతురు తగిన కోణంలో పడినప్పుడే. కెమెరానూ దీపాన్నీ కదలకుండా నిలిపితే అది మామూలు నల్లరాయిలాగే ఉంటుంది. దీపాన్ని పలక మీదుగా మెల్లగా జరిపితే చుక్కలు ఒకదాని వెంట ఒకటి వెలుగుతాయి. పైగా తెరంతా నలుపు నిండినప్పుడు, దృశ్యం చీకటిగా ఉందనుకుని కెమెరా తనంతట తాను వెలుతురు పెంచేస్తుంది, దాంతో నలుపు బూడిదరంగులోకి దిగుతుంది. అందుచేత ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుతురును, మనమే తగ్గించి పెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: పాటల వీడియోల పద్ధతి వేరుగా ఉంటుందా?

దర్శకుడు: అక్కడ పాటే యజమాని. మైపాడు తీరంలో గాయని నెమ్మదిగా నడుస్తూ, పెదవులు మాత్రం పాటకు సరిపోయేలా కదలాలంటే, సెకనుకు 48 ఫ్రేములతో చిత్రీకరిస్తూ పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తాం. ఆమె అదే వేగంతో పెదవులు కదుపుతుంది. దాన్ని సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఆడించినప్పుడు నడక నెమ్మదిస్తుంది, పెదవులు అసలు పాటతో కలుస్తాయి. ఇక మన తీరంలో సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు కనుక, సముద్రం వైపు చూసే ముఖానికి ఉదయమే మంచి వెలుగు దొరుకుతుంది. సాయంత్రానికి అదే ముఖం నీడలో పడుతుంది.

వ్యాఖ్యాత: ఇవేవీ నేర్పనిది కథాచిత్రం మీ నుంచి ఏమి కోరుతోంది?

దర్శకుడు: నిరీక్షణను కోరుతోంది. నా కథలో అల్లూరు వైపు ఒక రొయ్యల చెరువు ఉంది. అర్ధరాత్రి కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ యంత్రాలు ఆగిపోతాయి. ప్రాణవాయువు తగ్గితే రొయ్యలు దక్కవని ఆ రైతుకు తెలుసు. ప్రకటనలో అయితే వెంటనే జనరేటర్ వైపు పరుగు చూపించేవాణ్ణి. ఇక్కడ ఆ మోత ఆగిన సంగతి ముందు ప్రేక్షకుడి చెవికి అందాలి, మంచం మీద లేచి కూర్చున్న తండ్రి, కొడుకును పిలవాలా వద్దా అని తటపటాయించడం కనిపించాలి. త్వరగా కత్తిరించే అలవాటు నా చేతుల్లో బలంగా పాతుకుపోయింది. అందుకే రంగస్థల నటులతో ఆ సన్నివేశాన్ని మధ్యలో ఎక్కడా ఆపకుండా అభ్యాసం చేయిస్తున్నాను.

వ్యాఖ్యాత: కొత్తగా వచ్చేవారు ఒప్పందాల విషయంలో ఏమి గమనించాలి?

దర్శకుడు: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చలనచిత్రానికి కర్త నిర్మాతే, దర్శకుడు కాదు. ఇది తెలియక మన పిల్లలు ఎంతో కష్టపడి తీసిన పనిని తమ షోరీల్‌లో, అంటే పని నమూనాల వీడియోలో, చూపించుకోవడానికి కూడా ఇబ్బంది పడుతుంటే నాకు బాధ కలుగుతుంది. జానపదం ఎవరి సొత్తూ కాకపోవచ్చు గాని, ఒకరు రికార్డు చేసిన జానపద గీతానికి హక్కుదారు ఉంటారు, వారి అనుమతి కాగితం మీదే ఉండాలి. నా ఒప్పందాల్లో షోరీల్ అనుమతి, తెరపై పేరు, ఎడిటింగ్‌లో ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చన్న సంఖ్య తప్పక ఉంటాయి. వాటి మీద సంతకాలు పూర్తయ్యాకే షూటింగ్ తేదీ ఖాయం చేస్తాను.