‘నేను’ అనే మాట ఎవరిది? జపాన్ యువత, జెండర్, భాష

సభకు నమస్కారం.

మన తెలుగులో ఆడైనా మగైనా తన గురించి చెప్పుకునేటప్పుడు ‘వచ్చాను’ అంటే చాలు. ఇంకొకరి గురించి చెప్పబోతేనే ‘వచ్చాడా, వచ్చిందా’ తేల్చుకోవాలి. జపనీస్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ క్రియకు ఆడా మగా తేడా లేదు. చిక్కంతా ‘నేను’ దగ్గరే.

ఆ ‘నేను’కి చాలా మాటలున్నాయి. ‘వతాషి’ ఆఫీసులో ఎవరైనా వాడొచ్చు గానీ, స్నేహితుల మధ్య అది ఆడవాళ్ళ మాట. ‘అతాషి’లో ఆడపిల్లతనం ఇంకాస్త ఎక్కువ. ‘బోకు’ అంటే బుద్ధిమంతుడైన అబ్బాయి. ‘ఓరె’ అంటే గట్టి మగతనం. దారిలో కనబడ్డ చిన్న పిల్లవాణ్ణి పెద్దవాళ్ళు ‘బోకు, నీ పేరేంటి?’ అని పలకరిస్తారు. తనను తాను ఏమనుకోవాలో వాడికి ఊరే నేర్పిస్తోందన్నమాట. 2016లో వచ్చి ప్రపంచమంతా చూసిన ఒక జపనీస్ యానిమేషన్ సినిమాలో, అబ్బాయి ఒంట్లోకి వచ్చిపడిన ఒక అమ్మాయి అతని స్నేహితుల ముందు ‘వతాషి’ అంటుంది. వాళ్ళు వింతగా చూస్తారు. ఇంకా మర్యాదైన ‘వతకుషి’ అంటుంది, ‘బోకు’ అంటుంది, కుదరదు. ‘ఓరె’ అన్నాకే వాళ్ళ మొహాలు మామూలవుతాయి. జపాన్ ప్రేక్షకులకు ఆ సన్నివేశం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

నేనీ పూట చెప్పదలచుకున్నది ఒకటే. ఈ మాటల్ని ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ అని పంచిపెట్టింది ప్రకృతి కాదు, చరిత్ర. అందుకే ఇవాళ్టి పిల్లలు వాటిని మళ్ళీ పంచుకుంటున్నారు. అయితే ఆ పంపకం మాట్లాడేవాళ్ళ చేతిలోనే లేదు, వినేవాళ్ళ చేతిలో కూడా ఉంది.

చరిత్ర సంగతి కొంచెం చూద్దాం. మేజీ కాలంలో, అంటే 1868 నుంచి 1912 దాకా సాగిన చక్రవర్తి పాలనలో, బడికెళ్ళే అమ్మాయిలు ‘తెయొ’, ‘దవా’ లాంటి ముక్కలు వాక్యం చివర తగిలించి మాట్లాడడం మొదలుపెట్టారు. పెద్దమనుషులు మండిపడ్డారు. అది మోటు భాష అన్నారు, మంచి ఇళ్ళ పిల్లలు మాట్లాడే తీరు కాదన్నారు. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఆ ధోరణే ‘తరతరాల స్త్రీల సుకుమార భాష’ అయి కూర్చుంది. దీన్ని పరిశోధకురాలు ఇనొఉఎ మియాకో వివరంగా చూపించారు. నకమురా మొమొకో అనే మరో పరిశోధకురాలు ఇంకో సంగతి బయటపెట్టారు. ఆ నాజూకు భాష నేడు నిండుగా కనబడేది అనువాదాల్లోనట. అసలు టోక్యో అమ్మాయి అలా మాట్లాడదు. జపనీస్‌లోకి వచ్చిన విదేశీ నవలలోని నాయిక మాత్రం అలాగే మాట్లాడుతుంది! ఆడవాళ్ళు ఎలా మాట్లాడాలని సమాజం ఊహించుకుంటుందో, ఆ ఊహకి అనువాదం గూడు కట్టిపెట్టింది.

ఇక బడిలోకి వద్దాం. మియజాకి అయుమి అనే పరిశోధకురాలు టోక్యో దగ్గరి ఒక మాధ్యమిక పాఠశాల పిల్లలతో చాలాకాలం గడిపారు. 2004లో వచ్చిన ఆమె వ్యాసం ఎప్పుడు చదివినా నా మనసు అక్కడే ఆగుతుంది. కొందరు అమ్మాయిలకు ‘అతాషి’ మరీ ఆడపిల్ల మాటగా, ‘వతాషి’ మరీ పెద్దరికంగా తోచాయి. వాళ్ళు ‘ఉచి’ అన్నారు. అది ఒసాకా, క్యోటో ఉన్న కాన్సాయ్ ప్రాంతం నుంచి పాకివచ్చిన మాట. మరికొందరు నేరుగా ‘బోకు’, ‘ఓరె’ అన్నారు. వాళ్ళలో చాలామందికి మగవాళ్ళు కావాలన్న కోరికేమీ లేదు. తరగతిలో బలంగా నిలబడాలంటే ఆ మాటకున్న బలం కావాలి, అంతే. అబ్బాయిల పరిస్థితి అంతకంటే ఇరుకు. ‘ఓరె’ అనలేక ‘బోకు’ దగ్గరే ఉండిపోయినవాణ్ణి తోటివాళ్ళు మెతకవాడిగా జమకట్టేశారు. ఎవరికి ఏ మాట చెల్లుతుందన్నది తరగతిలో వాళ్ళకున్న పలుకుబడిని బట్టి తేలింది.

గే, లెస్బియన్, ట్రాన్స్ యువతకి ఇది ఇంకా బరువైన వ్యవహారం. మీసం రాకముందే ‘ఓరె’ అనమని ఒత్తిడి ఎదుర్కొనే ట్రాన్స్ అమ్మాయి, అంటే పుట్టినప్పుడు అబ్బాయిగా లెక్కకెక్కిన అమ్మాయి, సంగతి ఆలోచించండి. నోరు తెరిచిన ప్రతిసారీ తాను కానిదాన్ని తానని చెప్పుకోవాలి. అందుకే కొందరు ‘జిబున్’ పట్టుకున్నారు. ఆటగాళ్ళు, సైనికులు వాడే మాట అది. ‘స్వయంగా’ అనే అర్థం దగ్గర్లో ఉంటుంది. పరిశోధకురాలు ఆబె హిదెకో టోక్యోలో గే, లెస్బియన్ బార్లకు పేరుపడ్డ షింజుకు నీచోమె పేటలో చేసిన అధ్యయనంలో ఈ ఎంపికల వెనకున్న సూక్ష్మమైన తర్కం కనబడుతుంది. ఆడా మగా రెండూ కానివాళ్ళు తమని ‘ఎక్స్ జెండర్’ అని చెప్పుకోవడం 1990ల చివర కాన్సాయ్‌లో మొదలైంది. ఆ పేరు జపాన్‌లోనే పుట్టింది.

టీవీలో ‘ఒనేఎ’ భాష, అంటే అతిగా ఆడతనం పూసిన మగవాళ్ళ మాటతీరు, నవ్వులకి బాగా పనికొచ్చింది. గే యువకుల్లో కొందరు దాన్ని తమలో తాము సరదాగా, ఆప్యాయంగా వాడుకుంటారు. ఇంకొందరు ‘మేం అలా మాట్లాడం’ అని దూరం జరుగుతారు. టీవీ చూపించిన ఒక్క గొంతే అందరి గొంతూ అనుకోవడం అన్యాయం అని నా అభిప్రాయం.

ఇదే భాష దాచుకోవడానికి చోటు కూడా ఇస్తుంది. జపనీస్‌లో కర్తని వదిలేయొచ్చు. పార్ట్‌టైమ్ పనిచేసే చోట ‘సెలవు రోజు ఏం చేశావ్?’ అని అడిగితే ‘సినిమాకెళ్ళా’ అని ఊరుకోవచ్చు. ఎవరితో అని గుచ్చి అడిగితే ‘కొఇబితో’, అంటే ప్రియమైన మనిషి, అనొచ్చు. అందులో ఆడా మగా లేదు. తెలుగులోనూ ‘వచ్చారు’ అనే గౌరవరూపం ఇలాగే ఆదుకుంటుంది. అయితే గే అయిన జపాన్ కుర్రవాడు ఆ మౌనాన్ని ఏళ్ళ తరబడి మోస్తాడు.

ఆ మౌనాన్ని ఇంకొకరు బద్దలుకొడితే? 2015లో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి గే అన్న సంగతిని సహవిద్యార్థి బయటపెట్టాడు. ఆ తరవాత ఆ విద్యార్థి ప్రాణాలు కోల్పోయాడు. ఒకరి గుట్టును వాళ్ళ అనుమతి లేకుండా ఇలా బయటపెట్టడాన్ని ‘అవుటింగ్’ అంటారు; ఆ మాట దేశమంతా తెలిసింది. టోక్యో పరిధిలోని కునితాచి నగరం 2018లో అవుటింగ్‌ని నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. 2020లో టోక్యో హైకోర్టు, కుటుంబం వేసిన అప్పీలును కొట్టేస్తూనే, ఇలా బయటపెట్టడం చట్టవిరుద్ధమని చెప్పింది.

అదే 2015 ఏప్రిల్‌లో విద్యాశాఖ బడులకు ఒక సూచన పంపింది. విద్యార్థి కోరుకున్న పేరుతోనే ప్రోగ్రెస్ కార్డుతో సహా బడి కాగితాలు రాయొచ్చని అందులో ఉదాహరణగా ఇచ్చింది. పేరు చివర అబ్బాయిలకు ‘కున్’, అమ్మాయిలకు ‘సాన్’ అని తగిలించే పాత అలవాటు వదిలి అందరినీ ‘సాన్’ అని పిలిచే టీచర్లు ఉన్నారు. పిలుపు మార్చడం టీచరు చేతిలో పని. హాజరు పట్టీ ముగిశాక, విరామం గంట కొట్టాక, ఆ విద్యార్థి తన నోటితో ‘జిబున్’ అన్నప్పుడు పక్క బెంచీవాళ్ళు మామూలుగా మాట కలుపుతారా అన్నది ఏ సూచనా రాసిపెట్టలేదు.