సభ్యుల పుస్తకం ఎవరిది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో తలసీమియా పిల్లల తల్లిదండ్రుల సంఘం నగర శాఖ సర్వసభ్య సమావేశంలో కోశాధికారి ప్రసంగం. తలసీమియా తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు; బిడ్డకు తరచూ రక్తం ఎక్కించాలి.)

అధ్యక్షులు గారికి, వేదిక మీది పెద్దలకు, నిన్నంతా పిల్లల పక్కన కూర్చుని వాళ్లకు రక్తం ఎక్కించి, ఇవాళ మళ్లీ ఇల్లు కదిలి వచ్చిన తల్లులకు నమస్కారం. గాజువాక నుంచి, పెందుర్తి నుంచి బస్సులు మారి వచ్చినవాళ్లున్నారు. మీరు వచ్చారు గనకనే ఈ మాట ఇవాళ చెప్పాలనుకున్నాను.

కార్డులో నా అంశం ‘పన్ను నియమాలు’ అని వేశారు. ముందు అదే చెబుతాను. నగదు విరాళం 2,000 రూపాయలు దాటితే ఇచ్చినవారికి 80జి సెక్షను కింద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. నంబరు పాతదే వాడుతున్నాను, మీకు నోటికి వచ్చింది అదే గనక. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో నంబర్లు మారాయి. పూర్ణామార్కెట్‌లో ఒక వ్యాపారి గారు మనవడి పుట్టినరోజుకు ఏటా పదివేలు కవరులో పెట్టి ఇస్తారు. ఏటా చెబుతూనే ఉన్నాను, బాబూ, చెక్కు రాయండి, లేదా ఫోన్‌లో పంపండి అని. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికైతే ఆ మినహాయింపు అసలే లేదు. డబ్బు తీసుకోకముందే ఆ మాట చెప్పండి. రసీదు చేతిలో పెట్టాక చెబితే, మళ్లీ ఏడాది ఆ గుమ్మం ఎక్కలేం.

దాతల పేరు, చిరునామా, పాన్ నంబరుతో ఏటా మే 31 లోపు పన్ను శాఖకు వివరాలు పంపుతూ వచ్చాం. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు రుసుము. అందుకే పాన్ అడుగుతాం. దాత దాన్ని మనకు ఇచ్చింది ఆ ఒక్క పనికే. ఈ మాట దగ్గరే నేను ఆగాలి. మిగతా లెక్కలు ఆడిట్ కాగితాల్లో ఉన్నాయి, అందరికీ పంచాం, చదువుకోండి.

అమ్మా, అయ్యా, ఇది నా తప్పు. పదకొండేళ్లుగా మీ లెక్కలు రాస్తున్నాను, రూపాయి తేడా రాలేదు. తప్పు జరిగింది డబ్బులో కాదు.

ఒక ఎన్నికల ముందు ఒక అభ్యర్థి తరఫు మనిషి మన గదికి వచ్చాడు. రక్తం ఎక్కించేకొద్దీ ఒంట్లో పేరుకునే ఐరన్ తగ్గించే మందులు పిల్లలందరికీ ఏడాది పొడుగునా ఇప్పిస్తామన్నాడు. ఎన్ని ఇళ్లు, ఎక్కడెక్కడ అని అడిగాడు. ఆ మందుల ఖర్చు మీకు తెలుసు, నాకూ తెలుసు. మా అబ్బాయికి నెలనెలా కొంటున్నాను. ఆశ పుట్టింది. ఎర్ర అట్ట సభ్యుల పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టాను. అతను ఫోన్‌తో పేజీ పేజీ ఫోటో తీసుకున్నాడు. నేనే పేజీలు తిప్పాను.

వారం తిరక్కుండా దొండపర్తిలో మన సభ్యురాలి వాటాకు నలుగురు వెళ్లారు. ఆమె పేరు చెప్పను. కింద వాటా వాళ్లను, ఎదురు కొట్టువాణ్ని అడిగారు, ‘తలసీమియా బాబు ఉన్న ఇల్లు ఏదండీ?’ అని. ఆ తల్లి తొమ్మిదేళ్లు వీధికి తెలియకుండా బిడ్డను పెంచింది. పెద్దమ్మాయికి సంబంధం కుదిరి, ముహూర్తం పెట్టుకునే దశలో ఉంది. ఆ పిల్లకు పరీక్ష చేయిస్తే, జబ్బు లేకున్నా దాన్ని పిల్లలకు అందించగల వాహకురాలు కూడా కాదని కాగితం ఉంది. ఆ కాగితం చూపించే వీలే ఇవ్వలేదు మగపెళ్లివారు. ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసింది. తిట్టలేదు. ‘అన్నయ్యగారూ, మా వీధి పేరు మీరు ఎందుకు చూపించారండీ?’ అంది. మందులు రాలేదు. వచ్చినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అలాగని అధికారుల దగ్గరికి, నాయకుల దగ్గరికి వెళ్లవద్దు అనడం లేదు. వెళ్లాలి! 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యాల సంఖ్య 7 నుంచి 21కి పెరిగి, తలసీమియా అందులో చేరింది. అర్జీ లేకుండా మన గోడు ఎవరికి తెలుస్తుంది? కలెక్టరు గారికి అర్జీ ఇద్దాం, శాసనసభ్యులందరికీ, అన్ని పార్టీలవారికీ ఒకే కాగితం ఇద్దాం. కాని సంఘం పేరుతో ఫలానావారికి ఓటు వేయండి అనకూడదు, సంఘం డబ్బు ప్రచారానికి పోకూడదు. ఎవరి ఓటు వారిది, ఎవరి జెండా వారిది. సంఘం లెటర్‌హెడ్ మాత్రం ఎవరి జెండా కిందికీ పోకూడదు. అర్జీలో ‘నగరంలో ఇంతమంది పిల్లలు’ అని అంకె రాస్తే చాలు. పేర్లెందుకు?

వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలవుతాయి. మనకు పట్టే మాట ఒకటి వినండి. ఆ చట్టం డిజిటల్ సమాచారానిది. ఎర్ర అట్ట పుస్తకం పుస్తకంగా ఉన్నంతకాలం దాని కిందికి రాదు. ఫోన్‌తో ఫోటో తీయగానే వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. మన పుస్తకంలో సగం పేర్లు పిల్లలవే కదా. ఇక వాట్సాప్ గ్రూపు. ‘ఫలానా బాబుకు హిమోగ్లోబిన్ ఆరుకు పడింది, బి నెగెటివ్ కావాలి’ అని పేరుతో, పడక నంబరుతో పెడుతున్నారు. ఆత్రం నాకు తెలుసు, నేనూ పెట్టాను. రక్తం గ్రూపు, ఆస్పత్రి, ఒక ఫోన్ నంబరు చాలు. బాబు పేరు వద్దు.

అమ్మలారా, కార్యవర్గంతో ముందుగా మాట్లాడాను. పుస్తకం ఇవాళ ఇక్కడే తెచ్చాను, ఈ బల్ల మీద ఉంది. భోజనాలకు లేచే ముందు ఒక్కొక్కరే వచ్చి మీ పేజీ మీరే చూసుకోండి. పక్కవారి పేజీ కనపడకుండా అట్టముక్క పెట్టి ఇస్తాను. చిరునామా వద్దంటే కొట్టేయండి, బిడ్డ పేరు వద్దంటే పొడి అక్షరాలు రాయండి, ఫోన్ ఎవరికి ఇవ్వవచ్చో మీ చేత్తోనే రాయండి. ఒక పేజీని మడిచి పిన్ను కొట్టాను. దొండపర్తి చెల్లెమ్మ ఇవాళ రాలేదు. ఆమె వచ్చి తీసేదాకా ఆ పిన్ను అలాగే ఉంటుంది.

ముందు వరుసవారు రండి. పెన్ను నా దగ్గర ఉంది.