కాన్పు, తొలి వారాలు: ఏది మామూలు, ఏది కాదు

కాబోయే అమ్మలందరికీ నమస్కారం. కాన్పులో, బాలింత రోజుల్లో హడలగొట్టేవాటిలో చాలా మటుకు మామూలువే. జాగ్రత్తపడాల్సినవి కొన్నే, అవి ఒక్కోసారి నొప్పి కూడా లేకుండా వస్తాయి. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం దిగులు తీరుతుంది. అందుకే ధైర్యవచనాల జోలికి పోకుండా వివరాలే చెబుతాం.

ముందు నొప్పులు. కాసేపు నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా తగ్గిపోతే అవి దొంగనొప్పులు. అసలువి రానురాను దగ్గరపడి బలపడతాయి. 5 నిమిషాలకోసారి, ఒక్కొక్కటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరండి. ఆసుపత్రి దూరమైనా, రెండో కాన్పయినా అంతదాకా ఆగొద్దు. తొలి కాన్పులో గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకోవడానికే చాలా గంటలు పట్టొచ్చు. దాన్ని ఆలస్యం అనుకోకండి. ఆ గంటల్లో తరచూ మూత్రానికి వెళ్లండి, నిండిన మూత్రాశయం బిడ్డ తల కిందికి దిగడానికి అడ్డు. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్లాలి. ఆ నీరు ఆకుపచ్చగా ఉన్నా, రక్తం పోతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా గడియారం చూస్తూ కూర్చోకండి.

బిడ్డ పుట్టాక మాయ మామూలుగా అరగంటలోపే వస్తుంది. రక్తం ఎక్కువ పోకుండా ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇద్దరూ బాగుంటే బిడ్డను తుడిచి మీ ఛాతీ మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టమని అడగండి. మొదటి గంటలోనే పాలు పట్టొచ్చు. సిజేరియన్ అయినా కుదురుతుంది, అయితే సాయానికి ఒకరుండాలి.

ఇక పాలు. ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే. మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కనే ఉంటాయి, ఆ రోజు బిడ్డకు అంతే చాలు. రొమ్ములు నిండి బరువెక్కేది సాధారణంగా 2 నుంచి 5 రోజుల మధ్య. సిజేరియన్ తర్వాత ఇంకాస్త ఆలస్యం కావొచ్చు. ఈలోగా పాలు పడలేదని అవసరం లేకుండా డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ రొమ్ము చీకడం తగ్గుతుంది, చీకడం తగ్గితే పాలూ తగ్గుతాయి. రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పట్టండి. బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా అందుకోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. మొదటి కొన్ని క్షణాల తర్వాత కూడా నొప్పి ఆగకపోతే పట్టు కుదరలేదన్నమాట. లాగేయకుండా నోటి మూలలో వేలు పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి.

పాలు చాలుతున్నాయా అన్నది ఏడుపును బట్టి తేలదు. 5వ రోజు నుంచి రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తుంటే, నల్లటి మలం పసుపుగా మారితే చాలుతున్నట్టే. 3 కిలోల బిడ్డ మొదటి రోజుల్లో 200 గ్రాములు తగ్గడం మామూలే. తగ్గుదల 10 శాతం దాకా వస్తే చూపించాలి. మొదటి 24 గంటల్లోనే ఒళ్లు పసుపెక్కినా, పాలకు లేవకుండా మత్తుగా ఉన్నా వెంటనే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

మీ సంగతికొస్తే, రక్తస్రావం ఎర్రగా మొదలై, కొన్ని రోజులకు గోధుమరంగుకు, తర్వాత తెల్లగా మారి 4 నుంచి 6 వారాల్లో ఆగుతుంది. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో పోటు వస్తే గర్భసంచి ముడుచుకుంటోందని అర్థం. రెండో కాన్పులో అది ఇంకా గట్టిగా ఉంటుంది. కానీ గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసినా, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగకండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం బీపీ వల్ల కావొచ్చు. కాన్పయ్యాక కూడా ఆరు వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది.

మూడో రోజో నాలుగో రోజో కారణం లేకుండా ఏడుపొస్తుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడమూ, నిద్ర లేకపోవడమూ దీనికి కారణాలు. రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే, దేని మీదా మనసు లేకపోతే అది కుంగుబాటు కావొచ్చు. దానికి చికిత్స ఉంది, పాలిస్తూ వాడగల మందులూ ఉన్నాయి. మీకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండకుండా పక్కన ఉన్నవాళ్లకు అప్పుడే చెప్పండి, అదే పూట ఆసుపత్రికి వెళ్లండి.